వీడియోకెక్కిన తప్పు: యువత ప్రవర్తన, బహిరంగ అవమానం

పిల్లలో, కాలేజీ వయసు కుర్రకారో చేసిన తప్పుడు పని కెమెరాకు చిక్కుతుంది. ఆ వీడియో ఊరూవాడా తిరుగుతుంది. చేసినవాళ్ళ పేరూ ఇల్లూ బయటపడతాయి. ఆపైన ముక్కూమొహం తెలియని వేలమంది వాళ్ళను తిట్టిపోస్తారు. ఈ కాలపు బహిరంగ శిక్ష ఇలా నడుస్తోంది. ఇది ఏ చట్టమూ రాసిన శిక్ష కాదు. దీనికి న్యాయమూర్తి లేడు, అప్పీలు లేదు, గడువు అసలే లేదు. తెలుగు వార్తల్లో దీనికంటూ ఒక భాషే తయారైంది. తప్పు చేసినవాళ్ళు ‘ఆకతాయిలు’, చేసిన పని ‘హల్‌చల్’, వీడియో ‘నెట్టింట వైరల్’, చూసినవాళ్ళు ‘ఏకిపారేస్తున్న నెటిజన్లు’. ఈ నాలుగు మాటలు పేరిస్తే సగం వార్త రాసినట్టే.

ఈ వీడియోల్లో రెండు రకాలున్నాయి. ఒకటి, పక్కనున్నవాళ్ళు తీసింది. రెండోది, తప్పు చేసినవాళ్ళే స్నేహితులను నవ్వించడానికి తీసుకుని తామే పెట్టుకున్నది. రెండో రకం చూసి పెద్దవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న ‘వీళ్ళకు బుద్ధి లేదా, తామే ఎలా పెట్టుకున్నారు?’ అని. తాము పది మంది మిత్రుల ముందు ఉన్నామనుకుంటారు కనుక. నిజానికి ఉన్నది ఊరందరి ముందు.

పాత శిక్షలు

నలుగురిలో సిగ్గుపడేలా చేసి దారికి తేవాలన్న ఆలోచన చాలా పాతది. పల్లెల్లో దొంగ దొరికితే బొండకొయ్యలో కాళ్ళు బిగించి కూర్చోబెట్టేవారు. గుండు గీయించడం, మెడలో చెప్పుల దండ వేయడం, గాడిద మీద ఊరేగించడం కథల్లోనే కాదు, పేపర్లలోనూ చదివిన సంగతులే. బడిలో గోడకుర్చీ, కోదండం, బెంచీ ఎక్కించడం ఉండేవి. ఇంగ్లండులో మెడనూ చేతులనూ చెక్కలో బిగించి సంతవీధిలో నిలబెట్టే శిక్షను 1837లో రద్దు చేశారు. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది.

పాత పద్ధతిలో దయ ఎక్కువని ఎవరూ అనలేరు. పేదింటి పిల్లవాడికి బొండకొయ్య, పెద్దింటి పిల్లవాడికి చీవాట్లు అన్న తేడా అప్పుడూ ఉంది. కాని ఒక్కటి గమనించాలి. శిక్ష వేసినవాడు మర్నాడు అదే వీధిలో ఎదురుపడేవాడు. బెంచీ ఎక్కించిన మాస్టారే వారం తిరక్కుండా లెక్క సరిగ్గా చేసినందుకు భుజం తట్టేవారు. ఫక్కున నవ్విన పిల్లలతోనే సాయంత్రం గోళీలాట. ‘ఎవరబ్బాయివిరా నువ్వు?’ అన్న గద్దింపులో తిట్టు ఉంది, ఆ కుర్రవాణ్ణి ఒక ఇంటికీ ఒక వీధికీ కట్టేసే పట్టింపూ ఉంది. వీడియో చూసి తిట్టే గుంపు రేపు ఎదురుపడదు. తప్పు చేసినవాడు మారాడో లేదో దానికి తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. పాత శిక్షకూ కొత్త శిక్షకూ ఉన్న తేడాల్లో ఇదే పెద్దది.

మన పత్రికల మాట ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. అమ్మాయిని వేధించిన కుర్రవాణ్ణి జనం పట్టుకుని కొడితే దాన్ని ‘దేహశుద్ధి’ అని రాస్తారు. గుంపు కలిసి ఒకణ్ణి కొట్టడం నేరం. కాని ఆ మాట పెట్టేసరికి అదేదో స్నానం చేయించినంత పుణ్యకార్యంలా వినిపిస్తుంది. వీడియోల కింద కామెంట్లు రాసేవాళ్ళ మనసులోనూ ఉన్నది ఈ శుద్ధి భావమే.

సియోల్ రైలు, లియావోనింగ్ అమ్మాయి

ఈ తరహా వేటలో మొదటగా ప్రపంచమంతా చెప్పుకున్నది దక్షిణ కొరియా ఉదంతం. 2005 జూన్‌లో సియోల్ మెట్రో రైలులో ఒక యువతి వెంట తెచ్చుకున్న కుక్కపిల్ల పెట్టెలోనే పాడు చేసింది. శుభ్రం చేయమన్న ప్రయాణికుల మీద ఆమె విరుచుకుపడింది. ఒకరు ఫోన్‌తో ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. అవి వీడియోలు కూడా కావు, కదలని ఫొటోలే. రోజుల్లోనే ఆమె ఎవరో తవ్వి తీశారు. ‘కుక్కపెంట పిల్ల’ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆమె విశ్వవిద్యాలయం చదువు మానేసిందని వార్తలొచ్చాయి. అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు డేనియల్ సోలోవ్ పరువు, గోప్యతల మీద 2007లో రాసిన పుస్తకంలో దీన్ని విపులంగా చర్చించాడు. కుక్క చేసినదాన్ని ఎత్తకపోవడం తప్పే. ఆ తప్పుకు ఇంత శిక్షా అన్నదే ఆయన ప్రశ్న. ఇరవై ఏళ్ళుగా ఈ చర్చ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

చైనాలో ఈ వెతుకులాటకు ‘రెన్‌రౌ సౌసువో’ అని పేరు. మాటకు మాట చెప్పుకుంటే నరమాంస శోధన. యంత్రం బదులు మనుషులే తలా ఒక ముక్క వెతికి తెచ్చి ఒక మనిషి చిరునామా పట్టుకోవడం. 2008 మేలో సిచువాన్ భూకంపం తర్వాత మూడు రోజుల జాతీయ సంతాపం పాటించినప్పుడు, టీవీలో వినోద కార్యక్రమాలు ఆపేశారని విసుక్కుంటూ లియావోనింగ్ ప్రాంతపు యువతి ఒకామె వీడియో పెట్టింది. వేలాది మంది చనిపోయిన రోజులవి. మాటలు నిజంగానే వినలేని మాటలు. గంటల్లో ఆమె వివరాలన్నీ బయటికొచ్చాయి, పోలీసులు ఆమెను అదుపులోకి తీసుకున్నారు. 2020 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇంటర్నెట్ నిబంధనల్లో చైనా ఇలాంటి శోధనను నిషేధించింది.

మనవైపు కథ ఆలస్యంగా మొదలైంది. యూట్యూబ్ 2005లో పుట్టినా, అందరి చేతిలోనూ చవక డేటా పడింది 2016 సెప్టెంబరులో జియో వచ్చాకనే. టిక్‌టాక్‌ను 2020 జూన్ 29న నిషేధించారు. ఆ మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మొదలైంది. బైకు ముందు చక్రం గాల్లోకి లేపిన కుర్రవాడూ, వాణ్ణి తిట్టే పెద్దమనిషీ ఒకే యాప్‌లో ఇరుగుపొరుగులయ్యారు.

బస్సులో పది నిమిషాలు

2012 జూన్. న్యూయార్క్ రాష్ట్రంలో గ్రీస్ అనే చిన్న పట్టణం. బడి బస్సులో పిల్లలను చూసుకునే 68 ఏళ్ళ మహిళను ఏడో తరగతి కుర్రవాళ్ళు నలుగురు చుట్టుముట్టి వెక్కిరించారు. ఆమె ఒళ్ళు, ఆమె చెమట, ఆమె వయసు, ఆమె పేదరికం, ఏదీ వదల్లేదు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, మధ్యలో కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది. ఇదంతా తీసిందీ బస్సులోని పిల్లవాడే. పది నిమిషాల ఆ వీడియో చూడటం కష్టం. పిల్లలు ఒకరి మాటకు ఒకరు పోటీపడి మాట పెంచుకుంటూ పోవడం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్కడే ఉంటే బహుశా ఒక్క మాటతో ఆగిపోయేవాడు.

తర్వాత రెండు దారుల్లో రెండు స్పందనలు వచ్చాయి. ఆమెను సెలవు మీద ఎక్కడికైనా పంపుదామని టొరంటో నివాసి ఒకరు 5,000 డాలర్ల లక్ష్యంతో విరాళాలు మొదలుపెడితే, మొత్తం 7 లక్షల డాలర్లు దాటింది. అందులో లక్ష డాలర్లు పెట్టి ఆమె పిల్లల మధ్య వేధింపులు మాన్పించే పనికి ఒక సంస్థ ప్రారంభించింది. ఆ నలుగురు కుర్రవాళ్ళకు మాత్రం చంపుతామనే బెదిరింపులు వచ్చాయి. పోలీసులు వాళ్ళ ఇళ్ళ దగ్గర గస్తీ పెంచారు. వాళ్ళకు పదమూడేళ్ళు.

బడి అధికారులు వేసిన శిక్ష వేరే రకం. ఏడాది పాటు బడి నుంచీ బస్సు నుంచీ సస్పెన్షన్, ఆ ఏడాది చదువు వేరే కేంద్రంలో, వృద్ధులకు 50 గంటల సేవ. ముసలామెను ఏడిపించినవాళ్ళు ముసలివాళ్ళ దగ్గరే పని చేయాలి, ఏడాది తర్వాత మళ్ళీ బడికి రావచ్చు. తేలిక శిక్షేం కాదు. కాని దానికి ఒక కొలత ఉంది, ముగింపు ఉంది. పక్కనే నడిచిన రెండో శిక్షకు రెండూ లేవు.

జపాన్: సాస్ సీసా, టీ కప్పు

ఈ విషయంలో జపాన్‌కు ప్రత్యేకమైన అనుభవం ఉంది. పక్కవాడికి ఇబ్బంది కలిగించడాన్ని ‘మేవాకు’ అంటారు. చిన్నప్పటి నుంచీ కూడదని నేర్పే పాఠాల్లో అది మొదటి వరసలోనిది. 2013 వేసవిలో దుకాణాల్లో పార్ట్‌టైమ్ పనిచేసే కుర్రవాళ్ళు ఐస్‌క్రీమ్ ఫ్రీజర్‌లో పడుకుని, వంటగదిలో చిందులేసి ఆ ఫొటోలు ట్విట్టర్‌లో పెట్టడం వరసగా జరిగింది. ‘బకా’ అంటే మూర్ఖుడు. దానికి ట్విట్టర్‌ను అతికించి ‘బకట్టా’ అన్నారు. ‘బైతో తెరో’, అంటే పార్ట్‌టైమ్ ఉగ్రవాదం అన్న పేరూ అప్పటిదే. టోక్యో పక్కన తమా పట్టణంలో ఒక సోబా నూడుల్స్ హోటల్లో పనిచేసే విద్యార్థి గిన్నెలు కడిగే యంత్రంలో దూరి ఫొటో దిగాడు. ఆ హోటల్ మూతపడి, కొద్ది నెలల్లోనే దివాలా తీసింది. ఇక్కడ తప్పు చిన్నదే. నష్టపోయింది మాత్రం దానితో సంబంధం లేని యజమాని, తోటి పనివాళ్ళు.

పదేళ్ళకు, 2023 జనవరి చివర్లో, గిఫు నగరంలో సుషిరో అనే సుషీ హోటళ్ళ సంస్థకు చెందిన ఒక హోటల్లో తీసిన వీడియో వచ్చింది. అక్కడ సుషీ పళ్ళేలు బెల్టు మీద బల్లల పక్కగా తిరుగుతూ ఉంటాయి, కావలసినవాళ్ళు తీసుకుంటారు. సోయా సాస్ సీసాలు అందరూ వాడేవే, టీ కప్పులు అరలో పేర్చి ఉంటాయి. పదిహేడేళ్ళ కుర్రవాడు సాస్ సీసా మూతిని నాలుకతో నాకాడు. కప్పు అంచంతా నాకి మళ్ళీ అరలో పెట్టాడు. వేలు తడిచేసుకుని, పక్కగా పోతున్న సుషీకి పూశాడు. తీసే స్నేహితుడి వైపు చూసి నవ్వాడు. మొత్తం ఒక నిమిషం కూడా లేదు.

జనవరి 31న కంపెనీ షేరు దాదాపు 5 శాతం పడింది. మార్కెట్ విలువలో సుమారు 1,600 కోట్ల యెన్లు ఆవిరయ్యాయని లెక్కలొచ్చాయి. ఆ హోటల్లో సీసాలన్నీ మార్చారు, కప్పులన్నీ కడిగించారు. బెల్టు మీద సుషీ తిప్పడం మానేసి ఆర్డరిచ్చినవారికే పంపే పద్ధతి పెట్టారు. మార్చిలో కంపెనీ ఒసాకా జిల్లా కోర్టులో ఆ కుర్రవాడి మీద సుమారు 6.7 కోట్ల యెన్లకు దావా వేసింది, జూలై 31న రాజీ కుదిరి అది ముగిసింది. ఈలోపు అతని పేరు, బడి, ఇల్లు అన్నీ ఇంటర్నెట్‌లో పరిచేశారు. అతను బడి మానేశాడని జపాన్ పత్రికలు రాశాయి. అదే కాలంలో మరో సుషీ సంస్థ నగోయా హోటల్లో అలాంటి పనే చేసినందుకు పోలీసులు ముగ్గురిని అరెస్టు చేశారు. ఆ సంస్థ బెల్టుల మీద కృత్రిమ మేధతో పనిచేసే కెమెరాలతో నిఘా పెట్టింది.

ఇక్కడ కంపెనీ కోపం న్యాయమైనదే. మన బడ్డీకొట్టులో ఎవడైనా చట్నీ గిన్నెలో నాలుక పెడితే మనమేం చేస్తామో ఊహించుకోవచ్చు. కాని ఆ 1,600 కోట్ల యెన్లు పోయింది ఒక నాలుక వల్లనా, దాన్ని కోట్ల కళ్ళకు చూపించిన పంపకం వల్లనా? నాకినవాడు ఒకడు. పంచినవాళ్ళ లెక్క ఎవరూ తీయలేదు, దావా కూడా వాళ్ళ మీద పడలేదు.

జపాన్‌లోనే జరిగిన మరో ఉదంతం ఇంతకంటే భారమైనది. కుస్తీ క్రీడాకారిణి హనా కిమురా ‘టెర్రస్ హౌస్’ అనే రియాలిటీ షోలో పాల్గొంది. తన పోటీ దుస్తులను తోటి నివాసి పొరపాటున ఉతికి పాడుచేశాడని ఒక ఎపిసోడ్‌లో అరిచి, అతని నెత్తిమీది టోపీ తోసేసింది. 2020 వసంతంలో ఆ భాగం ప్రసారమయ్యాక వారాల తరబడి తిట్ల వర్షం కురిసింది. మే 23న, 22 ఏళ్ళ వయసులో ఆమె ప్రాణం తీసుకుంది. తిట్టినవారిలో ఇద్దరికి పడిన శిక్ష చెరో 9,000 యెన్లు, అప్పటి చట్టంలో అంతకు మించి పెద్దగా వీలు లేదు. ఆమె తల్లి పోరాటం తర్వాత 2022 జూలై 7 నుంచి పరువు తక్కువ చేసే దూషణకు ఏడాది దాకా జైలు, 3 లక్షల యెన్ల దాకా జరిమానా వచ్చాయి.

మన ముంగిట

హైదరాబాద్‌లో వారాంతపు రాత్రులు జరిగే డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలు తెలుగు న్యూస్ చానళ్ళకు కొన్నేళ్ళ పాటు ఉచిత వినోదం. జూబ్లీహిల్స్‌లో బారికేడ్లు, పోలీసు చేతిలో బ్రీత్ అనలైజర్, దాని పక్కనే నాలుగు చానళ్ళ మైకులు. చున్నీతో మొహం కప్పుకుని పరుగెత్తే అమ్మాయి, కెమెరాను చేత్తో నెట్టేసే అబ్బాయి, ‘మా నాన్న ఎవరో తెలుసా’ అనే వాదన. ఆ ముక్కనే తెల్లారి బులెటిన్‌లో గుండ్రంగా తిప్పడం. అమ్మాయి దొరికితే సమయం రెట్టింపు. తాగి బండి నడపడం ప్రాణాల మీదికి తెచ్చే నేరం, అందులో సందేహం లేదు. కాని పదిమంది అబ్బాయిలు దొరికిన రాత్రి ఒక్క అమ్మాయి మొహమే ఎందుకు మిగులుతుందో ఆ చానళ్ళు ఎప్పుడూ చెప్పలేదు. కెమెరాలు వెళ్ళాక పోలీసులు చేసే పని వేరు. దొరికినవాళ్ళు ఇంట్లోవాళ్ళను వెంటబెట్టుకుని గోషామహల్‌లోనో బేగంపేటలోనో ఉన్న ట్రాఫిక్ శిక్షణ కేంద్రంలో కౌన్సెలింగ్‌కు కూర్చోవాలి, ఆ తర్వాత కోర్టు మెట్లెక్కాలి. తండ్రి పక్కన కుర్చీలో కూర్చోవడమే చాలామందికి అసలు శిక్ష.

తెలంగాణ పోలీసులు 2014 అక్టోబరు 24న మొదలుపెట్టిన షీ టీమ్స్ పద్ధతి కూడా గమనించదగ్గది. మఫ్టీలో బస్‌స్టాపుల్లో, కాలేజీల దగ్గర నిలబడి, అమ్మాయిలను వేధించేవాళ్ళను రహస్య కెమెరాలతో చిత్రిస్తారు. ఆ వీడియో కోర్టుకు సాక్ష్యం. మైనరు దొరికితే తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ చేస్తారు. కొడుకు చేసిన పని అమ్మ కళ్ళముందు ఆడటం మామూలు సిగ్గు కాదు. కాని చూసేది రేపూ ఎల్లుండీ వాడితో కలిసి బతకాల్సినవాళ్ళు. అదే వీడియో టీవీకెక్కితే చూసేది వాడికి ఏమీ కానివాళ్ళు.

తప్పు జరిగిందో లేదో తేలకముందే శిక్ష పూర్తయిన ఉదంతం హర్యానాలోని రోహ్‌తక్‌ది. 2014 నవంబరులో నడుస్తున్న బస్సులో అక్కాచెల్లెళ్ళిద్దరు ముగ్గురు కుర్రవాళ్ళను బెల్టుతో కొడుతున్న వీడియో దేశమంతా తిరిగింది. వేధించినందుకు బుద్ధి చెప్పారని అమ్మాయిలను వీరవనితలన్నారు, రాష్ట్ర ప్రభుత్వం బహుమతి ప్రకటించింది. కుర్రవాళ్ళలో ఇద్దరు సైన్యంలో చేరే ప్రయత్నంలో ఉన్నారు, ఆ అవకాశం పోయింది. కొద్దిరోజులకే ఆ అమ్మాయిలు మరొకణ్ణి కొడుతున్న ఇంకో వీడియో వచ్చింది. బస్సులో గొడవ సీటు గురించేనని కొందరు ప్రయాణికులు చెప్పారు. బహుమతి ఆగిపోయింది. 2017 మార్చిలో కోర్టు ముగ్గురినీ నిర్దోషులంది. అమ్మాయిలు అబద్ధమాడారని దీనర్థం కాదు, ఆరోపణ రుజువు కాలేదని మాత్రమే. కాని రుజువు కోసం ఆగినవాళ్ళెవరు? పోయిన సైనిక పరీక్షను తీర్పు తిరిగి తెచ్చివ్వదు.

పుణె సంగతి దీనికి తిరగబడ్డ బొమ్మ. 2024 మే 19 తెల్లవారుజామున పదిహేడేళ్ళ కుర్రవాడు నడిపిన పోర్షా కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. బాలల న్యాయమండలి గంటల్లోనే బెయిలిచ్చింది. షరతుల్లో ఒకటి, రోడ్డు ప్రమాదాల మీద 300 మాటల వ్యాసం రాయడం. పబ్బులో స్నేహితులతో కూర్చున్న సీసీటీవీ దృశ్యాలు, ఆ వ్యాసం షరతు కలిసి దేశాన్ని మండించాయి. ఆ మంట లేకపోతే, మద్యం పరీక్షకు తీసిన ఆ కుర్రవాడి రక్తం నమూనా మార్చారన్న వ్యవహారం బయటపడేది కాదేమో. డబ్బూ పలుకుబడీ చట్టాన్ని వంచుతున్నప్పుడు జనం కళ్ళు అక్కరకొస్తాయి. అందువల్ల ఈ వీడియోలన్నీ చెడ్డవని కొట్టిపారేయడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. అయితే అదే వేడిలో, బెయిల్ దొరికిందని గర్వంగా పాడుతున్న ర్యాప్ వీడియో ఒకటి ఆ కుర్రవాడిదేనంటూ తిరిగింది. అది అతనిది కాదని పోలీసులే చెప్పాల్సి వచ్చింది. కోపంగా ఉన్నవాడు నమ్మాలనుకున్నదాన్ని వెతుక్కుంటాడు, దొరకకపోతే ఎవరో ఒకరు తయారుచేసిపెడతారు.

అదే ఏడాది జూలైలో తెలుగు యూట్యూబర్ ఒకడు మిత్రులతో ఆన్‌లైన్ ముచ్చట్లలో ఒక తండ్రీ చిన్నపాపల వీడియోమీద నీచమైన మాటలాడాడు. నటుడు సాయి దుర్గా తేజ్ దాన్ని బయటపెట్టి ప్రభుత్వాల దృష్టికి తెచ్చాక, తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో అతణ్ణి బెంగళూరులో అరెస్టు చేసింది. పోక్సో చట్టం కింద కేసు పెట్టారు. కేసు పెట్టాల్సిందే. కాని ఖండించడం కోసమే అయినా ఆ ముక్కను పంచిన ప్రతి ఖాతా ఆ పాపను కూడా ఇంకో గుంపు ముందు నిలబెట్టినట్టే.

ఎందుకు చేస్తారు, ఎందుకు తిడతారు

కుర్రతనపు తప్పులకు పక్కనున్న స్నేహితులే పెట్రోలు. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన పరిశోధనలో మూడు వయసులవారితో కారు నడిపే వీడియో గేమ్ ఆడించారు. స్నేహితులు చూస్తుంటే పదమూడు నుంచి పదహారేళ్ళవాళ్ళు ఒంటరిగా ఉన్నప్పటికంటే సుమారు రెట్టింపు ప్రమాదాలకు తెగించారు. పెద్దవాళ్ళలో ఆ తేడా కనిపించలేదు. చేతిలో ఫోన్ ఉంటే చూసే స్నేహితుడు జేబులోనే ఉన్నట్టు.

తిట్టేవాళ్ళ సంగతీ పరిశోధకులు చూశారు. విలియం బ్రాడీ బృందం 2017లో లక్షల ట్వీట్లు పరిశీలించి, నీతితో భావోద్వేగం కలిసిన ఒక్కో మాట చేరే కొద్దీ ఆ ట్వీట్ పంపకం దాదాపు 20 శాతం పెరుగుతోందని కనుగొంది. ‘ఇది తప్పు’ అంటే పది మంది చూస్తారు, ‘థూ, వీణ్ణి ఉరితీయాలి’ అంటే అంతకు మించి చూస్తారన్నమాట. తకుయా సావోకా, బెనోయిట్ మోనిన్ 2018లో చూపింది ఇంకా చిత్రం. ఒకే ఒక్కరు తప్పును ఖండిస్తే చూసేవారికి మెచ్చుకోలు, అదే ఖండనను చాలామంది చేస్తే తప్పు చేసినవాడి మీదే జాలి. ఏ ఒక్కరూ అతిగా అనలేదు, అందరూ కలిస్తే అతి అయింది. ఒక్కొక్కరూ గడ్డిపోచే వేశామనుకుంటారు, కిందివాడు గడ్డివాము కింద ఉంటాడు.

సిగ్గుపరిస్తే మారతారా? ఆస్ట్రేలియా నేరశాస్త్రవేత్త జాన్ బ్రెయిత్‌వెయిట్ 1989లో దీన్ని రెండుగా విడదీశాడు. పనిని తప్పుపట్టి మనిషిని మళ్ళీ దగ్గరికి తీసుకునే సిగ్గు ఒకటి, మనిషి మీదే ముద్ర వేసి వెలివేసే సిగ్గు మరొకటి. మొదటిది నేరాన్ని తగ్గిస్తుందనీ, రెండోది వెలివేసినవాణ్ణి తనలాంటివాళ్ళ గుంపులోకే నెడుతుందనీ ఆయన వాదన. సరిగ్గా అదే ఏడాది న్యూజిలాండ్ చట్టం చేసి, తప్పు చేసిన పిల్లవాడు, అతని కుటుంబం, నష్టపోయినవారు ఒక గదిలో కూర్చుని పరిహారం తేల్చే పద్ధతి పెట్టింది. మావోరీల సంప్రదాయం దానికి ఒక మూలం. మన ఊరి రచ్చబండకు దగ్గరి చుట్టంలాంటిదే, కాకపోతే పెత్తనం పెద్దమనుషులది కాకుండా చట్టంది.

తల్లిదండ్రులే కెమెరా పట్టుకుంటే

2012 ఫిబ్రవరిలో అమెరికాలో నార్త్ కరోలినా తండ్రి ఒకడు, పనులు చెబుతున్నారని కూతురు ఫేస్‌బుక్‌లో తమను తిట్టిందని, ఆమె ల్యాప్‌టాప్‌ను తుపాకీతో కాల్చి ఆ వీడియో పెట్టాడు. కోట్లసార్లు చూశారు, చప్పట్లు కొట్టినవాళ్ళే ఎక్కువ. మూడేళ్ళ తర్వాత ఫ్లోరిడాలో ఇంకో తండ్రి, కొడుక్కి గుండు గీయబోతున్నట్టు వీడియో మొదలుపెట్టి, మధ్యలో ఆపి, వాణ్ణి దగ్గరికి లాక్కుని, పిల్లలను ఇలా నలుగురిలో పెట్టకూడదని చెప్పాడు. అదీ వైరలయింది. రెండింట్లోనూ పిల్లలకు పాత్రే తప్ప మాట లేదు.

చట్టం ఎంత దూరం

కెనడాలోని వాంకూవర్‌లో 2011 జూన్ 15న హాకీ ఫైనల్ ఓడిన రాత్రి అల్లర్లు జరిగాయి. పదిహేడేళ్ళ క్రీడాకారుడొకడు పోలీసు కారు పెట్రోలు ట్యాంకులో గుడ్డ కుక్కుతూ ఫొటోల్లో దొరికాడు. ఆ దేశ చట్టం మైనర్ల పేరు దాచుతుంది. ఇంటర్నెట్ అప్పటికే దాచలేదు. చివరికి అతనే ఆ రక్షణ వదులుకుని టీవీలో క్షమాపణ చెప్పాడు. బెదిరింపులకు కుటుంబం ఇల్లు విడిచింది. ఎనిమిదేళ్ళకు 2019 జనవరిలో వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం దగ్గర ఒక బడి పిల్లవాడు ఆదివాసీ పెద్దాయన ఎదుట నవ్వుతూ నిలబడ్డ చిన్న ముక్కను చూసి దేశం తిట్టిపోసింది. నిడివి ఎక్కువున్న వీడియోలు వచ్చాక కథ అంత సులువు కాదని తేలింది. కుటుంబం దావా వేస్తే 2020లో సీఎన్‌ఎన్, వాషింగ్టన్ పోస్ట్ విడివిడిగా రాజీపడ్డాయి. లక్షల మంది మామూలు పంపిణీదారుల మీద దావా వేయడం ఎవరివల్లా కాదు.

కాలిఫోర్నియా 2013లో చేసిన, 2015 జనవరి 1 నుంచి అమలైన చట్టం మైనర్లు తాము పెట్టినదాన్ని తొలగించుకునే హక్కిచ్చింది. ఇతరులు పెట్టినదానికి, తిరిగి పంచినదానికి అది వర్తించదు. అసలు గొడవంతా ఆ రెండోదానితోనే. సింగపూర్ 2020 నుంచి, వేధించాలన్న ఉద్దేశంతో ఒకరి వ్యక్తిగత వివరాలు బయటపెట్టడాన్ని నేరం చేసింది. మన సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24 నాటి పుట్టస్వామి తీర్పులో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ తన విడి అభిప్రాయంలో పిల్లల ఇంటర్నెట్ జాడల గురించి ప్రత్యేకంగా రాసి, చిన్నతనపు పొరపాట్ల ఫలితాన్ని వాళ్ళు జీవితాంతం మోయకూడదన్నాడు.

మన బాలల న్యాయచట్టం 2015లో సూటిగా పనికొచ్చేది 74వ సెక్షన్. నేరారోపణ ఉన్న పిల్లవాడి గుర్తింపును పత్రికలోగాని, టీవీలోగాని, మరే ప్రసార రూపంలోగాని వెల్లడించకూడదు. వెల్లడిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా 2 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చానళ్ళు దీన్ని పాటిస్తున్నట్టు మొహం మీద మసక వేస్తాయి. కింద యూనిఫాం మీద బడి బ్యాడ్జీ, బండి నంబరు, వెనక తండ్రి కొట్టు బోర్డు అలాగే కనబడుతుంటాయి. సెక్షన్‌లో రాసింది మొహమొక్కటే కాదు. పేరు, చిరునామా, చదివే బడి, పిల్లవాణ్ణి గుర్తుపట్టడానికి దారితీసే మరే వివరమైనా అని ఉంది.